మా వాచీల దుకాణం మళ్లీ తెరుస్తున్నాము: నాయన గురించి, మీ గడియారాల గురించి

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి మా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం. మా నాయన గత నెలలో, తన 89వ ఏట, ఇంట్లోనే మా అందరి మధ్య కన్నుమూశారు. కర్మలు ముగిశాయి, వచ్చే సోమవారం నుంచి దుకాణం తెరుస్తున్నాము. షట్టరు మూసి ఉండడం చూసి తిరిగి వెళ్లినవారికి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అమ్మను పలకరించినవారికి మా కుటుంబం రుణపడి ఉంటుంది.

మీలో చాలామందికి ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని తల వంచుకుని పనిచేసే మనిషిగానే తెలుసు. ఆయన 1936లో పుట్టారు. నిజాం కాలపు బడిలో చదువు ఉర్దూలో సాగింది గనుక, తరువాత తెలుగు నేర్చుకున్నా, దుకాణం పుస్తకం మాత్రం చివరి వరకు ఉర్దూలోనే రాశారు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి పనులు మొదలైన తర్వాత, పాలమూరు పల్లెల నుంచి ఎందరో కూలికి వెళ్లినట్టే మా తాత, పెదనాయన కూడా వెళ్లారు. పండుగలకు తప్ప ఇంటికి వచ్చేవారు కాదట. తల్లిని, చెల్లెళ్లను చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయిన నాయన, ఈ పట్నంలోనే ఒక ఉస్తాద్ దగ్గర వాచీల పని నేర్చుకున్నారు. మగవాళ్లు లేని ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఎంత బిక్కుబిక్కుమంటూ బతుకుతారో ఆ వయసులోనే చూసినందువల్ల, తర్వాత హైదరాబాద్‌లోని పెద్ద దుకాణం వాళ్లు మంచి జీతానికి పిలిచినా వెళ్లలేదని అమ్మ చెబుతుంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆయన ఇంట్లో ఉండాల్సిందే. గిరాకి ఎంత ఉన్నా, పెళ్లిళ్ల కాలమైనా, ఆ పద్ధతి మారలేదు. పెదనాయన చిన్న వయసులోనే పోతే, ఆయన ఇద్దరు బిడ్డలు మాతోనే పెరిగారు. మాలో ఎవరు ఎవరి పిల్లలో బడిలో పంతుళ్లకు చాలాకాలం తెలియలేదు. అక్కలకు జడలు వేసింది, అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నది ఆయనే. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. మేము ఏదైనా తప్పు చేసి వస్తే పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని, పని ఆపకుండానే, "ఏమైంది బిడ్డా?" అని ఒక్కసారి అడిగేవారు, మేము నోరు విప్పేదాకా మళ్లీ అడిగేవారు కాదు. ఆ నిశ్శబ్దంలో అబద్ధం చెప్పడం మా ఎవరి వల్లా కాలేదు. కురుమూర్తి జాతరలో స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం నాడు దుకాణం మూసి ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్లేవారు. ఇక్కడి పాత మర్రిచెట్టు పిల్లలమర్రి కొమ్మ విరిగి 2017 చివరలో సందర్శకులను ఆపేవరకు, వేసవి సెలవుల్లో మనవలను ఆ చెట్టు కిందికి తీసుకువెళ్లడం కూడా తప్పలేదు.

ఇక మీ వాచీల సంగతి. 1960వ దశకంలో హెచ్‌ఎంటీ వాచీలు రావడం మొదలైన తర్వాత, మన వైపు పెళ్లిలో అల్లుడికి పెట్టిన వాచీ అంటే చాలా ఇళ్లలో అదే. కీ ఇచ్చే ఆ వాచీలను పూర్తిగా విప్పి, కడిగి, ఇరుసులు తిరిగే ఒక్కొక్క చిన్న రాయి దగ్గర సూది మొనతో నూనె పెట్టడం నాయనకు ఇష్టమైన పని. నూనె ఎక్కువైతే పాకి దుమ్ము పట్టుతుంది, తక్కువైతే ఇరుసు అరుగుతుంది. మార్చిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి వాచీతో పాటు తిరిగి ఇచ్చే ఆయన అలవాటును నేను కొనసాగిస్తాను. అయితే దాచకుండా చెప్పవలసింది ఒకటుంది. సర్వీసింగ్, మెయిన్ స్ప్రింగ్ మార్చడం, బ్యాటరీ వాచీల పని నేను చేయగలను. వాచీ వేగాన్ని సరిగ్గా ఉంచే, వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగు వంకరపోతే దాన్ని సరిచేసే చేయి నాకు ఇంకా రాలేదు. పైగా హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించిన తర్వాత, సరైన విడిభాగాలు దొరకడం కష్టమైంది. నా వల్ల కాని వాచీని పాడుచేయకుండా, డబ్బు తీసుకోకుండా తిరిగి ఇస్తాను.

ఆయన మరమ్మతుకు తీసుకున్న వాచీలు సొరుగులో భద్రంగా ఉన్నాయి, కానీ చీటీలన్నీ ఉర్దూలో ఉన్నాయి. మా పక్క దుకాణం చాచా రోజూ కాసేపు కూర్చుని వాటిని చదివిపెడుతున్నారు. పేరు ఒకటే ఉన్నవి, ఊరు రాయనివి కొన్ని ఉన్నందున, వచ్చేటప్పుడు మీ దగ్గరున్న రసీదు తీసుకురండి; రసీదు లేకపోతే డయల్ రంగు, బెల్టు, వెనుక మూత మీద చెక్కించిన అక్షరాలు చెప్పినా చాలు. పుస్తకంలో కొందరి బాకీలు ఆయన తన చేతితోనే కొట్టివేసి ఉన్నాయి. ఆ డబ్బు ఇస్తామని వస్తున్నవారికి నా మనవి ఏమిటంటే, ఆయన వదిలేసిన బాకీని మేము తీసుకోము.

దుకాణం ఇకపై కూడా సాయంత్రం ఏడు గంటలకే మూస్తాము. నారాయణపేట, వనపర్తి, గద్వాల వైపు నుంచి రాలేని పెద్దలు ఫోన్ చేసి వివరాలు చెబితే, వాచీని ఆర్టీసీ కార్గోలో పంపుతాము. ఆ ఖర్చు మాదే.