మన సంఘం 2025-26 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, బెంగళూరు పీణ్యలోనూ చుట్టుపక్కల షెడ్లలోనూ పరిశ్రమలు నడుపుతున్న తెలుగు మిత్రులందరికీ నమస్కారాలు.

పోయిన ఏడాది నివేదిక మరీ పొడవైందని కొందరు అన్నారు. అందుకని ఈసారి పండుగల సంగతి కుదించాను. ఉగాది పచ్చడి, ఆయుధపూజ, కన్నడ రాజ్యోత్సవం మూడూ యథావిధిగా జరిగాయి. నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడా కావడంతో ఎప్పటిలాగే రెండు రకాల మిఠాయి పంచాం. వంటలు చూసుకున్న మహిళా విభాగానికి, షామియానా ఉచితంగా వేయించిన రెండో ఫేజ్ సభ్యులకు, కరెంటు పోయినప్పుడు తమ జనరేటరు పంపిన పక్క షెడ్డువారికి కృతజ్ఞతలు. హాజరు ఎప్పటిలాగే భోజనాల వేళకు పెరిగింది.

ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని గురించి వివరంగా చెప్పాలి. ఫిబ్రవరిలో మన హాలులో జరిగిన "తిరిగొచ్చిన ముక్కల ప్రదర్శన" ఇంతవరకు ఏ సంఘమూ పెట్టగా నేను చూడలేదు. సాధారణంగా ప్రదర్శన అంటే మనం బాగా చేసిన పీసులను నూనె తుడిచి బల్ల మీద పెడతాం. దానికి పూర్తిగా ఎదురు పద్ధతి మన ఉపాధ్యక్షుల ఆలోచన. ప్రతి సభ్యుడూ కస్టమరు తిప్పి పంపిన ముక్కను, దాంతో వచ్చిన రిజెక్షన్ కాగితాన్ని తేవాలన్నారు. మొదట చాలామంది మొహమాటపడ్డారు, పరువు సమస్య కదా. చివరికి హాలులోని బల్లలు చాలక కింద జంపఖానా పరిచి పెట్టాల్సి వచ్చింది. బుష్షులు, పంపు బాడీలు, వాల్వు సీట్లు, గేర్లు అన్నీ వచ్చాయి. ఒకరైతే సంచీ నిండా స్ప్రింగులు తెచ్చారు.

కొలతల శాస్త్రంలో దశాబ్దాలు పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త ఒకరు పారితోషికం తీసుకోకుండా వచ్చి, సాయంత్రం వరకు ఒక్కో ముక్కనూ చేతిలోకి తీసుకుని చూశారు. తన పేరు నివేదికలో వద్దన్నారు కనుక రాయడం లేదు. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం రాస్తాను, రాని వారి కోసం. ప్రపంచమంతా పొడవు కొలతలకు ప్రమాణంగా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. వేసవిలో మన షెడ్డులో 32 ఉంటుంది. వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ వేడిలో ఉక్కు మైక్రోమీటరు పెట్టి సరిగ్గా ఉందనుకున్న 200 మిల్లీమీటర్ల అల్యూమినియం హౌసింగు, కస్టమరు ఏసీ గదిలోకి చేరాక సుమారు 27 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) తక్కువ తేలుతుంది. మనకు ఇచ్చిన టాలరెన్సు, అంటే కొలతలో తేడాకు హద్దు, 20 మైక్రాన్లు అయితే, ఆపరేటరు ఎంత నేర్పరి అయినా ఆ పీసు తిరిగి రావలసిందే. జంపఖానా మీద ఉన్న అల్యూమినియం ముక్కల్లో చాలావాటి కథ ఇదే. ఇన్నాళ్లూ ఆపరేటర్లను తిట్టిన యజమానులు (నాతో సహా) ఆ సాయంత్రం మాట్లాడకుండా టీ తాగారు.

మనకు పరిశోధన, అభివృద్ధి అంటే విశ్వవిద్యాలయం వేసే పేపర్లు కావు. 20 డిగ్రీల దగ్గర నిలిచి ఉండే ఒక గది కావాలి. అందులో ముక్క కొలతలు అన్ని వైపులా కచ్చితంగా తీసే సీఎంఎం మిషను ఒకటి, లోహపు మిశ్రమం చూసే స్పెక్ట్రోమీటరు, తుప్పు పరీక్షకు సాల్ట్ స్ప్రే పెట్టె, వాటిని నడపగల మనిషి ఉండాలి. ఒక్కో షెడ్డు విడిగా కొనలేనివి ఇవి. ప్రభుత్వ ధనం రావలసింది సరిగ్గా ఇలాంటి చోటికే.

ఇది కొత్త కోరిక కాదని కుర్ర సభ్యులకు గుర్తు చేయాలి. తుమకూరు రోడ్డు మీది సీఎంటీఐని కేంద్ర ప్రభుత్వం 1962లో, యంత్ర పనిముట్ల సంస్థగా పెట్టింది. అప్పటికి పీణ్య పారిశ్రామికవాడ లేదు. యంత్రాలు చేసే హెచ్ఎంటీ 1953 నుంచి ఉంది. విద్యుత్ పరికరాల పరీక్షకు సీపీఆర్ఐ 1960లో వచ్చింది. డెన్మార్క్ సాయంతో, పనిముట్లు, అచ్చులు చేయడం నేర్పే జీటీటీసీ టూల్ రూమ్ 1972లో మొదలైంది. ప్రభుత్వ సొమ్ముతో పరీక్షశాలలు, శిక్షణ ముందు వచ్చాయి. మన లేతులు వాటి వెనక వచ్చాయి. మనలో మొదటి తరం అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి బస్సెక్కి వచ్చి టర్నర్లుగా, ఫిట్టర్లుగా పని నేర్చుకుంది ఈ సంస్థల్లోనో, వీటిలో శిక్షణ పొందిన మేస్త్రీల దగ్గరో. ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదు బాలానగర్‌లోని సీఐటీడీలో టూల్ డిజైను చదివి వస్తున్నారు. అదీ 1968లో ప్రభుత్వం పెట్టినదే.

ఇక ఈ ఏడాది వార్తల్లో వచ్చిన పెద్ద మొత్తాలు. జూలై 1, 2025న కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) పథకానికి ఆమోదం తెలిపింది. మర్నాడే నాకు ఫోన్లు మొదలయ్యాయి, "మన సంఘానికి ఎంత వస్తుంది?" అని. పేపరు పూర్తిగా చదవమని మనవి. అది గ్రాంటు కాదు. తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలానికి ఇచ్చే అప్పు, కొన్నిచోట్ల వాటా పెట్టుబడి. అదీ ప్రయోగశాల దశ దాటి కొంత పక్వానికి వచ్చిన కొత్త సాంకేతికతలకు. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్‌కు అయిదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వ బడ్జెటు నుంచి వచ్చేది 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, ప్రభుత్వ రంగ సంస్థలు, దాతల నుంచి రావాలి. 2020-21లో దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టింది జీడీపీలో 0.64 శాతమే కనుక ఇవి రావడం మంచిదే. కానీ బుష్షులు చేసే షెడ్డు దాకా ఈ నీరు పారాలంటే మధ్యలో పిల్లకాలువలు తవ్వాలి. రక్షణ పరికరాల పరీక్షా కేంద్రాలకు 2020లో 400 కోట్లతో వచ్చిన పథకంలో కేంద్రం 75 శాతం దాకా భరిస్తానంది. అయితే రక్షణ పరిశ్రమల కోసం ప్రకటించిన కారిడార్లు రెండూ తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లకు వెళ్లాయి. విమానాల రాజధాని అని మనల్ని పిలుస్తారు గానీ కారిడారు మాత్రం ఇవ్వలేదు. ఈ మాట నా సొంతం, కార్యవర్గ తీర్మానం కాదు.

మనకు అందుబాటులో ఉన్న దారి సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధి పథకం. 2022 మార్గదర్శకాల ప్రకారం, నేను పైన చెప్పిన గదిలాంటి ఉమ్మడి సదుపాయ కేంద్రానికి 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్టు అయితే కేంద్రం 70 శాతం, 10 నుంచి 30 కోట్లు అయితే 60 శాతం గ్రాంటు ఇస్తుంది. మిగతా భాగానికి దారి మనం చూపాలి. సభ్య పరిశ్రమలు కలిసి ఒక కంపెనీగా రిజిస్టరు కావాలి, స్థలం చూపాలి, ఆ సదుపాయం నిలబడ్డాక కరెంటు బిల్లూ జీతాలూ సొంత రాబడితో కట్టాలి.

ప్రతిపాదన తయారైంది. దాన్ని తీసుకున్న కార్యాలయం పేరు ఇక్కడ రాయను, పని ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఫైలు చూసే అధికారి బదిలీ అయ్యారు, కొత్తవారు మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఒకసారి స్థలం పత్రం కన్నడంలో లేదన్నారు, ఇచ్చాం. తర్వాత ఇంగ్లీషు నకలు అడిగారు, అదీ ఇచ్చాం. కుర్చీల్లో ఎదురుచూడటం నేర్పే కోర్సు ఉంటే మన కోశాధికారిగారికి ఈపాటికి పట్టా వచ్చేది.

కానీ తప్పంతా ఆ కార్యాలయం మీద వేసి చేతులు దులుపుకోలేం. ఫైలుతో తిరగడానికి వేసిన ఉపసంఘంలో ఎవరెవరు ఉన్నారో అందరికీ తెలుసు, ఎవరు వచ్చారో నాకు తెలుసు. "కార్యదర్శిగారూ, డిస్పాచ్ ఉంది" అన్న వాక్యం నాకు కంఠతా వచ్చింది. మిగతా అందరికీ డిస్పాచ్ ఉండదా? అంతకన్నా బాధ కలిగించింది వాటా సొమ్ము. ప్రదర్శన రోజున చేతులెత్తి సరేనన్నవారిలో సగం మంది కూడా అంగీకార పత్రం మీద సంతకం పెట్టలేదు. "ముందు ప్రభుత్వం ఇవ్వనీ" అంటున్నారు. ప్రభుత్వం అడుగుతున్నదే ఆ సంతకాలు. సొంత షెడ్డులో కొత్త వీఎంసీకి (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మిషను) బ్యాంకు దగ్గర ఇల్లు తాకట్టు పెట్టేవారు, పదిమందికీ పనికొచ్చే గదికి అందులో కొద్ది భాగం పెట్టడానికి సంకోచిస్తున్నారు. సీఎంఎం దగ్గర ముందు వరస ఎవరిదన్న తగాదా మాత్రం ఇప్పుడే మొదలైంది. గది లేదు, మిషను లేదు, తగాదా ఉంది.

సాయం చేసిన వారు: ప్రాజెక్టు నివేదిక రుసుము లేకుండా రాసిపెట్టిన చార్టర్డ్ అకౌంటెంటుగారు, డ్రాయింగులు గీసిన ఇద్దరు యువ సభ్యులు, హిందూపురం నుంచి ప్రతి నెలా సమావేశానికి వచ్చే సభ్యుడు (అంత దూరం నుంచి ఆయన వస్తారు, మూడో ఫేజ్ వారు రారు), మన పాత అధ్యక్షులు, టీ కుర్రవాడు. అందరికీ కృతజ్ఞతలు.

జమాఖర్చులు: ఆడిటరు సంతకం చేసిన పట్టిక చివరి పేజీలో ఉంది. ఆదాయం ఖర్చును మించింది, కొద్దిగా. చందా బకాయిల జాబితా చదవద్దని అధ్యక్షులు కోరినందున చదవడం లేదు. నోటీసు బోర్డు మీద అంటించాను.

ఈ రోజు సభ ముందు ఒకే తీర్మానం ఉంది: ఉమ్మడి సదుపాయ కేంద్రానికి కంపెనీ రిజిస్టరు చేయడం, వాటాదారుల జాబితా ఖరారు చేయడం. అంగీకార పత్రాలు భోజనాల హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. విస్తరి వేసే ముందు సంతకాలు తీసుకోమని వడ్డించేవారికి చెప్పాను.

ఇట్లు,
కార్యదర్శి