అంబాసిడర్ వెనక కమాన్ల విషయంలో సాయం చేసిన అందరికీ థాంక్స్

వెనక ఎగిరే మా బండికి ఏం చెయ్యాలా అని కమాన్ కట్టల (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన, బండి బరువు మోసే స్ప్రింగులు) గురించి అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా చెబుతారని అస్సలు అనుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని చేసే బాబాయికి, ఆర్టీసీలో చేసి రిటైరైన మేస్త్రీ గారికి, లెక్కలు వేసి పంపిన చెన్నై తమ్ముడికి చాలా చాలా థాంక్స్. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయట్లేదు.

మాది మార్క్ 4 అంబాసిడర్, ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగిన బండి. లోడు కోసం పాత ఓనరు వెనక కట్టలకు అదనపు పట్టీలు వేయించి, వంపు కూడా బాగా పెంచేశాడు. ఖాళీగా వెళ్తే చిన్న గుంటకే వెనక ఎగిరేది, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ తోక, అంటే బండి వెనక భాగం, బయటికి పోతుందేమోనని టెన్షన్. ఇంకా గట్టి కట్ట వెయ్యమని కొందరు, యాక్సిల్‌కీ (వెనక రెండు చక్రాల్నీ కలిపే ఇరుసు) కమాన్‌కీ మధ్య దిమ్మ పెట్టి బండిని కిందికి దించమని కొందరు అన్నారు.

దిమ్మ మాటెత్తగానే మేస్త్రీ గారు వద్దన్నారు. ఈ బండిలో కమాను బరువు మోయడమే కాదు, యాక్సిల్‌ని దాని చోట పట్టి ఉంచేది కూడా అదే. ఎక్సలేటర్ తొక్కినా బ్రేకు వేసినా యాక్సిల్ మెలి తిరగబోతుంది, పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి, దిమ్మ పెడితే ఆ మెలి ఇంకా పెరుగుతుందట. మలుపులో తోక జరగడానికి అసలు కారణం వంపు అని కూడా ఆయనే చెప్పారు: కట్ట బాగా వంగి ఉంటే, బండి ఒరిగినప్పుడు బయటివైపు చక్రం కాస్త వెనక్కి, లోపలివైపుది ముందుకి జరుగుతాయి, అంటే వెనక యాక్సిలే స్టీరింగ్ తిప్పినట్టు. కట్ట చదునుగా ఉంటే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

తమ్ముడి లెక్క చూశాక గట్టి కట్ట ఆలోచన కూడా పక్కన పెట్టేశాను. పట్టీ మందం 6 మిల్లీమీటర్ల నుంచి 7కి పెంచితే గట్టిదనం దాదాపు 60 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది మందం ఘనం లెక్కన పెరుగుతుంది. ముందు చక్రాల సస్పెన్షన్ అలాగే వదిలేసి వెనక మాత్రమే అంత గట్టి చేస్తే తోక ఇంకా తేలిగ్గా జారుతుంది.

చివరికి బాబాయి అదనపు పట్టీలు తీసేసి, మిగిలినవాటి తుప్పు గీకి, వంపు తగ్గించి మళ్లీ కట్ట కట్టారు. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు, కమాను చివరల్లో కొత్త రబ్బరు బుష్‌లు, కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే కొత్త యు బోల్టులు. బుష్ బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలని ఆయన పట్టుబట్టారు, గాల్లో లేపి బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుందట. ఇంత చిన్న విషయం ఎంతమంది షాపుల వాళ్లు పట్టించుకుంటారో చెప్పండి! షాకబ్జర్లు కూడా మార్చాను, అవి ఎలాగూ అయిపోయాయి.

ఇప్పుడు అదే ఘాట్‌లో బండి చెప్పిన మాట వింటోంది. స్పోర్ట్స్ కారు అయిపోయిందని అనను, 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు డిజైన్ కదా, ఒరగడం ఒరుగుతుంది, కాకపోతే ఎటు పోతుందో ముందే తెలుస్తోంది. వెనక సీట్లో కూర్చునే అమ్మ నడుము నొప్పి గురించి అనడం మానేసింది, ఆ క్రెడిట్ కూడా మీదే.

తీసేసిన పట్టీలు నా దగ్గరే ఉన్నాయి. లోడు మోసే బండికి ఎవరికైనా కావాలంటే వెడల్పు కొలిచి మెసేజ్ పెట్టండి, ఊరికే ఇచ్చేస్తాను.