నవలలోని నీళ్లను వదిలేశారు

సంపాదకుల గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'డ్యూన్' సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇసుకలో తిరిగే పెద్ద పురుగులు, యుద్ధాలు, రాజు కొడుకును జనం దేవుడిగా కొలవడం, అన్నీ రాశారు. నీళ్ల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం. అనంతపురంలో చదివేవాళ్లకు అది చాలదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కణేకల్లులో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఐటీఐ చదువు. ఇంగ్లీషు నవల చదివేంత చదువు కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మొన్న ఎండాకాలం సెలవు మీద వచ్చి, కరెంటు పోయిన రాత్రుల్లో మిద్దె మీద కూర్చుని, ఆ సినిమాలకు మూలమైన, ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన 'డ్యూన్' నవలను రోజుకు కొంచెం చొప్పున తెలుగులో చెప్పింది. 1965లో పుస్తకంగా వచ్చిందట. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు వద్దంటే, చివరికి బండ్ల రిపేరు పుస్తకాలు వేసే కంపెనీ అచ్చేసిందట. ఆ మాట విన్నప్పుడే నాకు దాని మీద సగం గౌరవం వచ్చేసింది.

కథ దాదాపు అంతా అరాకిస్ అనే ఎడారి గ్రహంలో. అక్కడి ఫ్రెమెన్ జనం వేసుకునే బట్టలు ఒంటి చెమటను, ఊపిరిలోని తడిని కూడా పట్టి మళ్లీ తాగే నీళ్లు చేస్తాయి. వాళ్ల పెద్దమనిషి ఒకడు కొత్తగా వచ్చిన పాలకుడిని చూడటానికి వచ్చి, బల్ల మీద ఉమ్మేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేస్తారు. ఒంట్లో తడిని కానుకగా ఇచ్చాడు, అది వాళ్ల మర్యాద అని తర్వాత తెలుస్తుంది. మా అమ్మాయి నవ్వింది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఇంట్లో సంగటి ఉన్నా లేకున్నా వచ్చినవాళ్ల చేతికి ముందు చెంబు నీళ్లు ఇచ్చేది. ఏట్లో చెలమ తీసి, ఊరేదాకా కూర్చుని, గిన్నెతో తోడి తెచ్చిన నీళ్లవి.

ఇంకో చోట ఒక లెక్క వస్తుంది. పాలకుడి కోట ముందర ఇరవై ఖర్జూరపు చెట్లు. చెట్టుకు రోజుకు 40 లీటర్లు, మనిషికి 8 లీటర్లు. ఒక చెట్టు తాగేది అయిదుగురి నీళ్లు, ఇరవై చెట్లు తాగేది వంద మందివి. ఆ దారిన పోయేవాళ్లు చెట్ల వైపు ఎందుకట్లా చూస్తారో అప్పుడు అర్థమవుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే షాపులో పాత బిల్లు పుస్తకం వెనక నేనూ లెక్క వేశాను. ఒక చీనీ (బత్తాయి) చెట్టుకు గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెట్టి, ఆరు గంటలు మోటారు ఆడిస్తే 96 లీటర్లు. నవల లెక్కన పన్నెండు మంది. ఎకరాకు వంద చెట్లు అనుకున్నా పన్నెండు వందల మంది. అది ఒక ఊరు.

రైతును తప్పు పట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. ఆ హక్కు నాకు అసలే లేదు. బోరు అడుగంటి మోటారు నీళ్లు లేకుండా తిరిగితే వైండింగ్ కాలుతుంది. కాలిన మోటారు నా షాపుకు వస్తుంది. ఊరికి కరువొస్తే నాకు గిరాకీ. పని నేర్చుకున్న కొత్తలో 150 అడుగుల్లో మోటారు దించేవాణ్ని, ఇప్పుడు 700 అడుగులకు దించుతున్నా. నేను ఇల్లు కట్టింది ఆ తేడా మీదే.

మీ వ్యాసకర్త వదిలేసిన ఇంకో సంగతి. ఆ పాలకుడి కొడుకు, కథానాయకుడు పాల్ తన చేతిలో చచ్చిపోయిన మనిషి కోసం కన్నీళ్లు పెడతాడు. పోయినవాడికి నీళ్లిస్తున్నాడని జనం నివ్వెరపోతారు. అక్కడ మా అమ్మాయి పుస్తకం మూసి, "నాయనా, జేజికి ట్యాంకరు కోసం కాచుకున్నాం కదా" అంది. 2003 మే నెలలో మా అమ్మ పోయింది. స్నానం చేయించడానికి ఇంట్లో నీళ్లు లేక మధ్యాహ్నం దాకా ట్యాంకరు కోసం ఎదురుచూశాం. అప్పుడు పాపకు అయిదేళ్లు. దానికి గుర్తుందని నాకు అన్నేళ్లూ తెలియదు.

హెర్బర్ట్‌కు ఈ కథ ఎక్కడ తట్టిందో తెలిస్తే మా పక్కనున్న బొమ్మనహాళ్ మండలం వాళ్లు ఆశ్చర్యపోతారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బలు గాలికి జరుగుతూ రోడ్ల మీదికి వస్తుంటే, అక్కడి వ్యవసాయ శాఖ గడ్డి నాటి వాటిని ఆపింది. దాని మీద పత్రికకు వ్యాసం రాద్దామని 1950లలో ఆయన అక్కడికి పోయాడు. వ్యాసం పూర్తి కాలేదు, నవల పుట్టింది. ఆ నవలను ఎవరికి అంకితమిచ్చాడో చూడండి: మెట్ట నేలల పర్యావరణాన్ని చూసుకునేవాళ్లకు, వాళ్లు ఎక్కడున్నా, ఏ కాలంలో పనిచేస్తున్నా.

ఎక్కడున్నా అంటే ఆ బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరులో ఉన్నా అనే కదా. ఆషాఢం గాలికి వేదవతి హగరి ఏటి ఇసుక లేచి పొలాల మీద పడి దిబ్బలు కట్టడం మాకు కథ కాదు. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా అని మాకు పేరు, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం మా దాకా వచ్చేసరికి డస్సిపోతుంది.

ఒరెగాన్ కథకు ఒక కొసరు ఉంది. అప్పట్లో నాటిన గడ్డి అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుని, అక్కడి సహజమైన దిబ్బలనే మింగేస్తోందని ఇప్పుడు పీకిస్తున్నారు. మన సీమతుమ్మ కంప కూడా అట్లా వచ్చిందే. ఏది నాటాలో ఆ ఊరి గొర్రెల కాపరిని అడిగి నాటమని నా మనవి.

వ్యాసంలో పాల్‌ను హీరో అన్నారు. నాకు మాత్రం కైన్స్ నచ్చాడు. చక్రవర్తి కొలువులో ఉంటూనే ఫ్రెమెన్ కోసం పనిచేసే శాస్త్రవేత్త. పథకం వాళ్ల నాయనది: దిబ్బల మీద గాలి తగలని వాలులో గడ్డి నాటాలి, చుక్క చుక్క భూమి కింద దాచాలి, నూటికి మూడు వంతుల పచ్చదనం నిలబడితే మిగతాది అదే నడుస్తుంది. ఎన్నాళ్లు పడుతుందంటే మూడొందల నుంచి అయిదొందల ఏళ్లు అంటాడు. అది విని కూడా జనం పనికి దిగుతారు! ఎడారిలో చావబోతూ ఉన్న కైన్స్‌కు పోయిన తండ్రి గొంతు వినిపిస్తుంది. నీ జనం ఒక హీరో చేతిలో పడటం కంటే ఘోరం ఇంకోటి ఉండదని. 1969లో వచ్చిన రెండో నవలలో పాల్ పేరు మీద జరిగిన యుద్ధాల్లో వేల కోట్ల మంది చచ్చిపోయి ఉంటారు. రచయిత ఇంత గట్టిగా చెప్పినా మీ వ్యాసంలో ఆయన హీరోనే.

ఎన్నికలు వస్తే మా దగ్గర ప్రతి స్టేజీ మీదా ఎవరో ఒకరు నీళ్లు తెస్తామంటారు. చేయెత్తి దండం పెట్టి ఇంటికొస్తాం. కాలువలు వద్దని నేననను. హంద్రీ-నీవా నీళ్లు చేరిన చెరువుల కింద బోర్లు లేచాయి, నా షాపులో గిరాకీ తగ్గింది కూడా. అయితే ఏటి ఇసుకను రాత్రిపూట ట్రాక్టర్లకు ఎత్తుతున్నది ఏ రాజకుమారుడో కాదు, మాలో మేమే. ఇసుక పోయిన ఏట్లో చెలమ ఊరదు.

మీ పత్రికను ఒకటి అడుగుతున్నా. మొక్కలు నాటిన రోజు ఫొటో వేస్తారు, బాగుంది. మూడేళ్ల తర్వాత అదే చోటికి పోయి, ఎన్ని బతికాయో లెక్కపెట్టి వేయండి. హొన్నూరు దిబ్బలతో మొదలుపెట్టండి. మీ వ్యాసకర్తను ఆషాఢంలో పంపిస్తే నా బండి మీద నేనే తీసుకుపోతా. కళ్లద్దాలు తెచ్చుకోమనండి. ముక్కుకు కట్టుకోవడానికి తడిగుడ్డ నేనిస్తా.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
కణేకల్లు, అనంతపురం జిల్లా