టైమ్‌లైన్‌లో సమయాన్ని దశాంశాల్లో దాచవద్దు

మిత్రులారా, మన వీడియో ఎడిటింగ్ కోడ్ లైబ్రరీలో నిన్న రాత్రి ఒక తప్పు దొరికింది. పక్కపక్కనే అతుక్కుని ఉండవలసిన రెండు క్లిప్పుల మధ్య ఒకే ఒక్క నల్ల ఫ్రేము మెరిసి మాయమైంది. నాలుగు సార్లు వెనక్కి జరిపి చూస్తే గానీ నమ్మలేదు.

కారణం, సమయాన్ని మనం సెకన్లలో దశాంశ సంఖ్యగా దాచడమే. 29.97 అని పిలుచుకునే వేగం నిజానికి సెకనుకు 30000/1001 ఫ్రేములు. అది దశాంశాల్లో పూర్తిగా ఇమడదు. కూడికలు పెరిగేకొద్దీ తేడా పేరుకుని, తిరిగి ఫ్రేముగా మార్చేటప్పుడు లెక్క ఒకటి అటో ఇటో పడుతుంది. ఇకమీదట స్థానాన్ని ఫ్రేముల లెక్కగా, వేగాన్ని లవం, హారం ఉన్న భిన్నంగా ఉంచుదాం. సెకన్లు తెర మీద చూపించడానికి మాత్రమే.

డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ (29.97 వేగంలో ఫ్రేముల లెక్క గడియారంతో సరిపోయేలా కొన్ని అంకెలను దాటేసే సమయ సంకేతం) రాస్తున్నవారికి ఒక మాట: అక్కడ వదిలేసేది ఫ్రేములకు ఇచ్చే అంకెలను, ఫ్రేములను కాదు. ప్రతి నిమిషం మొదట్లో 00, 01 అనే ఫ్రేము అంకెలను వదలాలి. పదితో భాగించబడే నిమిషాల్లో వదలకూడదు. గంటకు 108 అంకెలు.

మధ్యలో క్లిప్పు తీసేసి మిగతావాటిని ముందుకు జరిపే పరీక్షలను ఆదివారంలోగా అందరూ ఒకసారి నడపండి. ఆడియో ట్రాకును ప్రత్యేకంగా గమనించండి. ఎవరో రాత్రంతా కూర్చుని పేర్చుకున్న కూర్పు మన వల్ల ఒక్క ఫ్రేము కూడా కదలకూడదు.