టెస్ట్ అంటే మొదట ఒక మట్టి మూకుడు

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన బడిలో యూనిట్ టెస్టులు. టైమ్‌టేబుల్ పిల్లల డైరీల్లో రాయించాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నెల ఉత్తరమంతా ఒక్క మాట గురించే. ఆ మాట 'టెస్ట్'.

పోయిన నెల ఒక స్లిప్ టెస్ట్ రోజున, ప్రేయర్ అవగానే ఒక ఆరో తరగతి పాప కడుపు పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. జ్వరం లేదు. పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగితే, "ఏం తినలేదు మేడమ్, తినబుద్ధి కాలేదు" అంది. గ్లాసు పట్టుకున్న అరచేతిలో బాల్‌పెన్నుతో ఏదో రాసి ఉంది. చూసి రాయడానికేమో అనుకుని చెయ్యి తెరిచి చూశాను. '9 రావాలి' అని ఉంది. అంతే. ఆ రోజు టెస్ట్ పది ఇంగ్లీష్ స్పెల్లింగులు. ఒక్కటి తప్పినా పర్లేదు, రెండోది తప్పకూడదని ఆ పాప తనకు తానే రాసుకుంది.

ముప్పై ఏళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను. రోజుకి కనీసం ఇరవై సార్లు 'టెస్ట్' అంటాను. ఆ అరచెయ్యి చూశాక, ఇంతకీ ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకి ఒక్కసారి కూడా చెప్పలేదే అనిపించింది. ముందు మీకు చెబుతాను.

లాటిన్‌లో 'టెస్టుమ్' అంటే మట్టి పాత్ర. దానికి చుట్టమైన 'టెస్టా' అంటే కాల్చిన మట్టి, కుండ, పెంకు. ఆ మాట పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి 'టెస్ట్' అయి వచ్చింది. 14వ శతాబ్దం చివర్లో ఛాసర్ అనే ఇంగ్లీష్ కవి, రసవాదుల గదిలో ఉండే సామాన్లన్నీ ఏకరువు పెడుతూ పోత అచ్చుల పక్కనే 'టెస్టు'లను కూడా లెక్కపెట్టాడు. అక్కడ టెస్ట్ అంటే పరీక్ష కాదు. అదొక వస్తువు. చేత్తో పట్టుకోవచ్చు, కింద పడితే పగిలిపోతుంది.

(ఇంకో ముచ్చట. ఆ 'టెస్టా' నుంచే ఫ్రెంచివాళ్లకి తలని పిలిచే 'తెత్' అనే మాట వచ్చింది. కుండని తల చేసుకున్నారు వాళ్లు. మనమూ అంతే కదా. సొరకాయ బుర్ర, కొబ్బరి బుర్ర అంటూనే, తలకాయని కూడా బుర్ర అంటాం. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మనం!)

ఆ మట్టి మూకుడుతో ఏం చేసేవాళ్లంటే, వెండిని చూసేవాళ్లు. వెండిలో రాగి, ఇతర లోహాలు కలిసిపోతే కంటితో చూసి చెప్పడం కష్టం. అందుకని ఆ వెండికి సీసం చేర్చి, ఎముకల బూడిద లాంటి పీల్చే గుణమున్న పదార్థంతో చేసిన మూకుడులో పెట్టి, గాలి తగిలేలా బాగా కాల్చేవాళ్లు. వేడికి సీసం గాలితో కలిసి ఒక రకం భస్మంగా మారుతుంది. అలా మారుతూ, వెండిలో ఉన్న రాగిని కూడా తనతో పట్టుకుపోతుంది. ఆ కరిగిన భస్మాన్ని మూకుడు తనలోకి పీల్చేసుకుంటుంది. వెండి మాత్రం మారదు, ఇంకదు. చివరికి మూకుడు మధ్యలో ఒక మెరిసే పూస మిగులుతుంది. మొదట తూచిన బరువెంత, ఇప్పుడీ పూస బరువెంత? ఆ తేడాతో కల్తీ ఎంతో తెలిసిపోయేది.

అలా పాత్ర పేరే కొన్నాళ్లకి ఆ పనికి పేరైంది. తర్వాత లోహాలకే కాదు, మనుషులకీ వాడటం మొదలైంది. 1604 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన ఒక నాటకంలో, తనకి పెద్ద అధికారం అప్పగించబోతుంటే ఏంజెలో అనే పాత్ర, ముద్ర కొట్టే ముందు నా లోహాన్ని ఇంకాస్త టెస్ట్ చేసి చూడండని అక్కడి పాలకుడైన డ్యూకుని వేడుకుంటాడు. అప్పటికింకా మాటకి కొలిమి వేడి తగ్గలేదు. ఆ తర్వాత 1673లో ఇంగ్లండ్‌లో 'టెస్ట్ యాక్ట్' అని ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ పదవి కావాలంటే అక్కడి అధికార చర్చి పద్ధతిలో ప్రసాదం తీసుకుని నిరూపించుకోవాలి. లేకపోతే పదవి లేదు. 1828 దాకా ఆ చట్టం నడిచింది. నాకు బాధనిపించేది ఇక్కడే. లోపల ఏముందో చూసే మూకుడు, ఎవర్ని లోపలికి రానివ్వాలో తేల్చే గేటు అయిపోయింది. మన పిల్లలకి తెలిసిన టెస్ట్ ఆ గేటే. మూకుడు సంగతి వాళ్లకి తెలియదు.

మా నాన్న కంసాలి. మా ఇంటి వసారాలో కుంపటి, ఊదుగొట్టం, పటకారు, చిన్న తక్కెడ, ఒక నల్లటి గీటురాయి ఉండేవి. ఎవరైనా పాత గాజు తెస్తే నాన్న దాన్ని రాయి మీద ఒకసారి గీసేవాడు. పక్కనే, నాణ్యం ముందే తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసేవాడు. రెండింటి మీదా ఆమ్లం చుక్క తగిలించి, రాయిని వెలుతురుకి తిప్పి చూసేవాడు. మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. "అమ్మా, ఇందులో రాగి కాస్త ఎక్కువ కలిసింది" అని నెమ్మదిగా చెప్పి, గాజుని గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టేవాడు. చిన్నప్పుడు పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు ఆ గుడ్డతో తుడవడమే గుర్తొస్తోంది. ఆమ్లం పడింది గీత మీద. గాజు మీద కాదు.

ఇప్పుడు మీరు నగ కొంటే 916 ముద్ర ఉందా లేదా చూసుకుంటారు. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని దాని అర్థం, అంటే 22 క్యారెట్లు. 2021 నుంచి దేశంలో దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య కూడా వేస్తున్నారు. ఆ ముద్ర వేసే కేంద్రాల్లో ఈ రోజుకీ ఖచ్చితమైన లెక్క కావాలంటే ఆ పాత మూకుడు పద్ధతే. నగలోంచి మిల్లీగ్రాముల్లో తూగే చిన్న తునక గీకి, దానికి కొంచెం వెండి చేర్చి, సీసం రేకులో చుట్టి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో మూకుడులో పెడతారు. మిగిలిన పూసని రేకుగా సాగదీసి, నత్రికామ్లంలో వెండిని కరిగించేసి, చివరికి మిగిలిన బంగారాన్ని తూస్తారు. గమనించండి, కొలిమిలోకి వెళ్లేది తునక. నగ కాదు. గొలుసు మొత్తాన్ని కొలిమిలో పడేసి 'టెస్ట్ చేశాం' అనే షాపుకి మీలో ఎవరైనా రెండోసారి వెళతారా?

పది స్పెల్లింగుల స్లిప్ టెస్ట్ అలాంటి తునకే. ఆ వారం చెప్పిన పాఠంలోంచి గీకి తీసిన పిసరు. దాని కోసం ఆ పాప పొద్దున్నుంచీ తిండి మానేసి మొత్తంగా కొలిమిలో కూర్చుంది. ఈ తప్పులో బడి వాటా కూడా ఉంది. క్లాసులో అందరి ముందూ మార్కులు చదివింది మేమే.

మన 'పరీక్ష' అనే మాటలో అయితే నిప్పే లేదు. 'పరి' అంటే చుట్టూ, 'ఈక్ష' అంటే చూడటం. నాలుగు వైపులా తిప్పి చూడటం పరీక్ష. భాగవతంలో పరీక్షిత్తుకి ఆ పేరెందుకొచ్చిందో మీ ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా తనని కాపాడిన రూపాన్ని మర్చిపోలేక, పుట్టాక కనిపించిన ప్రతి మనిషినీ ఆయనేనా అని పరీక్షగా చూసేవాడట. వెతుక్కుంటూ చూసే చూపు అది. ఇంగ్లీషులో 'ఎగ్జామ్' అనే మాటకి మూలమైన లాటిన్ 'ఎగ్జామెన్'కి కూడా ఉన్న అర్థాల్లో ఒకటి త్రాసు ముల్లు. ముల్లు ఎటు వాలిందో చెబుతుంది, వాలినందుకు తిట్టదు.

ఆ చూపు ఎలా ఉండాలో మన బడిలోనే చూశాను. ఏడో తరగతి అబ్బాయి ఒకడికి భిన్నాల టెస్టులో ఇరవైకి పది వచ్చాయి. పది లెక్కల్లో అయిదు తప్పు. ఇంట్లో పదిని చూసి ట్యూషన్ పెట్టిద్దామనుకున్నారు. లెక్కల మాస్టారు పేపర్ మళ్లీ తీసి చూస్తే, తప్పిన అయిదూ కూడిక లెక్కలే, అయిదింటిలోనూ తప్పు ఒక్కటే. వాడు లవాలు లవాలతో, హారాలు హారాలతో కలిపేస్తున్నాడు. ఒకటి బై రెండుకి ఒకటి బై మూడు కలిపితే రెండు బై అయిదు అంటున్నాడు. గుణకారాలు, భాగహారాలు అన్నీ రైటే. మాస్టారు వాణ్ని పిలిచి బోర్డు మీద దోసె బొమ్మ గీశారు. "సగం దోసె నీ ప్లేటులో ఉంది. మీ అమ్మ ఇంకో మూడో వంతు వేసింది. మరి నువ్వు చెప్పిన జవాబు సగం కన్నా తక్కువ ఉందేంట్రా?" అన్నారు. వాడు బోర్డు వైపు చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నవ్వాడు. పావుగంట పట్టిందంతే. అదే మూకుడులో మిగిలిన పూస. పది అన్న అంకెలో అది కనిపించదు, పేపర్‌లోనే కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలు చేసే అక్కలు, అన్నలు మన పిల్లల్లో చాలామందికి ఉన్నారు. వాళ్లనడగండి. టెస్టర్‌కి తప్పు దొరికిందంటే ఆ రోజు పని బాగా జరిగినట్టే.

క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లల కోసం ఇంకొక్కటి. 'టెస్ట్ మ్యాచ్' అన్న మాట 1861-62లో ఒక ఇంగ్లండ్ జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు పుట్టింది. ఇప్పుడు మొదటి టెస్టుగా లెక్కించే మ్యాచ్ 1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో జరిగింది. మన దేశం మొదటి టెస్ట్ 1932 జూన్‌లో లార్డ్స్‌లో ఆడింది. కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. 158 పరుగులతో ఓడిపోయాం. మొదటి గెలుపు 1952లో, మద్రాసులో. మధ్యలో ఇరవై ఏళ్లు. గెలవలేదని టెస్టులు ఆడటం మానుకోలేదు.

ఇక మన బడి సంగతి. ఈ నెల నుంచి స్లిప్ టెస్ట్ పేపర్ల మీద మొత్తం మార్కులు వేయం. మార్కులు మా రిజిస్టర్‌లో ఉంటాయి, ఎప్పుడు అడిగినా చూపిస్తాం. పేపర్ చివర టీచర్ రెండు వాక్యాలు రాస్తారు: ఏది వచ్చింది, ఏది ఇంకా రాలేదు. క్లాసులో మార్కులు పైకి చదవడం ఆపేశాం. యూనిట్ టెస్టులకి మాత్రం మార్కులు మామూలుగానే ఉంటాయి.

మీ వైపు నుంచి కోరేది ఒకటే. సాయంత్రం గేటు దగ్గర బ్యాగు అందుకుంటూ "ఎన్నొచ్చాయి?" అని అడగకండి. ఇంటికి వెళ్లి, ఏదైనా తిన్నాక, పేపర్ తెమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చదువు రాదని మొహమాటపడే అమ్మలకి, నాన్నలకి కూడా ఇదే చెబుతున్నాను. "ఇక్కడ ఎర్ర ఇంకు ఎందుకుంది నాన్నా, నాకు చెప్పు" అంటే చాలు. చెప్పలేకపోతే ఆ పేపర్ మా దగ్గరికి పంపండి. టెస్ట్ రోజున మాత్రం కడుపు నిండా తినిపించి పంపండి.

ఆ పాప గురించి చాలామంది టీచర్లు అడిగారు. ఆ రోజు నా గదిలోనే రెండు ఇడ్లీలు తిని, వెళ్లి టెస్ట్ రాసింది. ఎన్నొచ్చాయో నేను చూడలేదు. అరచెయ్యి మాత్రం కడుక్కుని వెళ్లింది.

టెస్టులు అయ్యాక వచ్చే శనివారం మూడున్నరకి పేరెంట్స్ మీటింగ్. ఈసారి ప్రోగ్రెస్ కార్డులు కాదు, జవాబు పేపర్లే బల్లల మీద ఉంటాయి. మీలో బంగారు పని చేసేవారు ఎవరైనా ఉంటే దయచేసి ఒక అరగంట ముందు రండి. ఏడో తరగతి పిల్లలకి గీటురాయి మీద గీసి చూపించాలి. రాయి నా దగ్గరుంది, మా నాన్నది. గీత చూసి చెప్పే కన్నే కావాలి.

మీ ప్రధానోపాధ్యాయురాలు