లెస్టర్ నుంచి బ్రిటన్ ఆరోగ్య మంత్రికి: ఆ టీబీ రక్తపరీక్ష మా పిల్లలకు ఎప్పుడు చేస్తారు?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇంతకుముందు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలకు "మీ లేఖ అందింది" అన్న ముక్క తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి మా వాళ్ళు కూడా చదివేలా తెలుగులో రాస్తున్నాను. మీకు చదివి చెప్పగల తెలుగు డాక్టర్లు, నర్సులు మీ ఆసుపత్రుల్లోనే ఉన్నారు.

నిద్రాణ టీబీ, అంటే ఒంట్లో క్రిమి ఉన్నా ఇంకా జబ్బుగా పైకి రాని టీబీ. దాన్ని పట్టుకునే పరీక్ష గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. టీబీ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చి ఐదేళ్ళు దాటని, 16 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళకు ఆ రక్తపరీక్ష చేస్తామన్నది మీ ప్రభుత్వం ఇచ్చిన మాటే. హైదరాబాద్, విజయవాడ, వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన మా పిల్లలు సరిగ్గా ఆ లెక్కలోకే వస్తారు. నేను అడిగినవాళ్ళలో ఒక్కరికి కూడా ఆ పరీక్ష ఒకటుందని తెలియదు. ఉత్తరం రాలేదు, ఫోన్ రాలేదు. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకున్న రోజున కూడా ఎవరూ చెప్పలేదు.

"వీసా కోసం ఎక్స్‌రే తీశారు కదా ఆంటీ, క్లియర్ అని సర్టిఫికెట్ ఇచ్చారు కదా" అంటారు పిల్లలు. ఆ ఎక్స్‌రేలో కనిపించేది ఊపిరితిత్తులకు అప్పటికే పట్టిన జబ్బు. ఒంట్లో నిద్రపోతున్న క్రిమి అందులో కనిపించదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పాల్సింది ఎవరండీ?

మాకు తెలిసిన ఒక కుర్రాడు పగలు మాస్టర్స్ క్లాసులకు వెళ్ళి, రాత్రిళ్ళు గోడౌన్‌లో పని చేసేవాడు. నెలల తరబడి దగ్గాడు. డాక్టరు దగ్గరికి వెళితే ఒకసారి వైరల్ అన్నారు, ఇంకోసారి యాంటీబయాటిక్స్ రాశారు, ఆ తర్వాత ఇన్‌హేలర్ చేతిలో పెట్టారు. బరువు తగ్గిపోయాడు, రాత్రిళ్ళు చెమటతో పక్క తడిసిపోయేది. ఏ దేశం నుంచి వచ్చావు, ఎప్పుడొచ్చావు అని అడిగిన పాపాన పోలేదు. దగ్గులో రక్తం పడ్డాక గానీ ఎక్స్‌రే తీయలేదు. అప్పటిదాకా అదే ఇంట్లో, అదే వంటగదిలో ఇంకా ఎంతోమంది పిల్లలు తిరిగారు. తర్వాత వాళ్ళందరికీ పరీక్షలు, వాళ్ళందరికీ టెన్షన్. "అమ్మకు మాత్రం చెప్పకండి ఆంటీ" అని వాడు ఏడ్చాడు. టీబీ అంటే ఊళ్ళో అక్క పెళ్ళి సంబంధం కూడా తప్పిపోతుందని వాడి భయం. చికిత్సకు డబ్బు తీసుకోరని, వీసా ఏదైనా వైద్యం చేస్తారని కూడా వాడికి తెలియదు. ఆ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఇంకా గట్టిగా అడిగేవాడేమో.

నిద్రాణంగా ఉన్నప్పుడే పట్టుకుంటే మూడు నెలల మాత్రలతో పోయేది. అది ఇంకొకరికి అంటుకోదు కూడా. జబ్బు పైకి వచ్చాక కనీసం ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు. ఈ తేడా మీ శాఖకు తెలియనిది కాదు.

2015లో టీబీ వ్యూహం అన్నారు. 2021లో మళ్ళీ ఐదేళ్ళ కార్యాచరణ ప్రణాళిక అన్నారు. 2024లో ఇంగ్లండ్‌లో దాదాపు 5,480 టీబీ కేసులు నమోదయ్యాయి, అంతకు ముందు ఏడాది కంటే 13 శాతం ఎక్కువ. పది మందిలో ఎనిమిది మంది బయటి దేశాల్లో పుట్టినవాళ్ళేనని లెక్క తేల్చింది మీ ఆరోగ్య భద్రతా సంస్థే. జబ్బు పడ్డాక మమ్మల్ని ఇంత కచ్చితంగా లెక్కపెట్టగలిగినవాళ్ళు, జబ్బు పడకముందు ఒక్క ఉత్తరం పంపలేరా? వలస వచ్చినవాళ్ళే రోగాలు మోసుకొస్తున్నారని మాట్లాడేవాళ్ళకు ఆ అంకెలు బాగా ఉపయోగపడుతున్నాయి. మా పిల్లలకు మాత్రం ఉపయోగపడటం లేదు.

పైగా ఆ పరీక్ష, టీబీ కేసులు ఎక్కువున్న ప్రాంతాలకే పరిమితం. విద్యార్థులు అద్దె ఎక్కడ తక్కువైతే అక్కడికి మారుతుంటారు. ఇల్లు మారితే జీపీ మారుతుంది, ఒకవేళ ఉత్తరం పంపినా పాత చిరునామాకే పోతుంది. కానీ వీసా ఇచ్చేటప్పుడు మీ ప్రభుత్వం దగ్గర వాళ్ళ వయసు, దేశం, ఈమెయిల్ అన్నీ ఉంటాయి. ఆరోగ్య సర్‌ఛార్జి కింద ఒక్కో విద్యార్థి దగ్గర ఏడాదికి 776 పౌండ్లు ముందే తీసుకుంటున్నారు. డబ్బు కట్టించుకోవడానికి దొరికిన పిల్లలు పరీక్షకు పిలవడానికి దొరకరా?

దయచేసి ఆ పిలుపు పంపండి. వీసాతో పాటే పంపండి, యూనివర్సిటీల ద్వారా పంపండి, ఎలాగైనా సరే వాళ్ళకు అందేలా పంపండి. ఈ దేశాల నుంచి వచ్చి వారాల తరబడి దగ్గుతున్నవాళ్ళకు వెంటనే ఎక్స్‌రే తీయమని జీపీలకు మరోసారి గట్టిగా చెప్పండి. ఈ సెప్టెంబరులో మళ్ళీ కొత్త పిల్లలు దిగుతారు. వాళ్ళు రాకముందే మీ జవాబు రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
లెస్టర్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి