కూరలో కలపొద్దు తల్లీ

చి. సౌ. అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. తాగుడు మానిపించే పొడి ఏదో దొరుకుతుందని, అల్లుడుగారికి తెలియకుండా కూరలో కలిపితే చాలని మీ ఆడపడుచు చెప్పిందన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడే చెప్పడు. తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే మరీ ప్రమాదం. అది ఒంట్లో ఉండగా తాగితే ఎసిటాల్డిహైడ్ అనే విషం విరగకుండా రక్తంలో పేరుకుపోతుంది. కాసేపట్లోనే మొహం కందగడ్డలా ఎర్రబడి, వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడు భయపడి సీసా ముట్టడు. తెలియనివాడు క్వార్టర్ మొత్తం దించేస్తాడు. గుండె జబ్బుంటే ప్రాణానికే ముప్పు.

అసలు ముందు ఒకటి చూడు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆ రోజే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ఏవేవో కనబడుతున్నాయంటారు. అందుకే ఇంట్లో మాన్పించబోకండి. సైకియాట్రిస్టు దగ్గర మొదటి వారం గడవాలి. వణుకుకు బిళ్లలు, బి1 విటమిన్ ఇంజక్షన్ వాళ్లే ఇస్తారు.

ఆ తర్వాతే మానిపించే బిళ్లలు. డైసల్ఫిరామ్ అయితే మామూలుగా రోజుకు 250 మి.గ్రా., చివరిసారి తాగి కనీసం 12 గంటలు దాటాకే, అదీ ఆయన ఒప్పుకుంటేనే. పొద్దున్నే నీ ఎదురుగా వేసుకోమను. పెళ్లి ఉందని నాలుగు రోజులు బిళ్ల మానేసి తాగుదామంటే కుదరదు, దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్, హోమియో చుక్కలు, మౌత్‌వాష్ కూడా పడవు. విరేచనాలకు మెట్రోనిడజోల్ అసలే వద్దు. కళ్లు పచ్చబడితే బిళ్ల ఆపి వెంటనే డాక్టరుకు చూపించు.

తాగాలన్న యావ మాత్రం దీంతో తగ్గదు. దానికి నాల్‌ట్రెక్సోన్ ఉంది, రోజుకు 50 మి.గ్రా. తాగినా వచ్చే హాయిని అది తగ్గిస్తుంది. నడుం నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, రెండూ కలవకూడదు. లివరు బాగా దెబ్బతింటే అకాంప్రోసేట్ మేలు. 333 మి.గ్రా. బిళ్లలు పూటకు రెండు చొప్పున మూడు పూటలా. కిడ్నీ పరీక్ష చేయించాకే మొదలుపెడతారు. రోజుకు ఆరు బిళ్లలు కాబట్టి మధ్యాహ్నంవి మర్చిపోతారు, క్యారియర్‌తో పాటే పెట్టి పంపు.

ఆయనతో పొద్దున, తాగని వేళ మాట్లాడు. రానంటే నువ్వే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు.

మీ అమ్మ